పరదా కింది చెప్పులు

టీ సగం గ్లాసే పోశారు. ఆయమ్మ హన్నమ్మ తెచ్చి నా కుడివైపు స్టూలు మీద పెట్టింది, పెట్టాక నా వైపు ఇంకాస్త జరిపింది, జరిపాక నేను పట్టుకునేదాకా నిలబడి చూసి వెళ్ళింది. నిండా పోస్తే ఒలకబోసుకుంటాననా, లేక ఈ బళ్ళో అందరికీ సగమేనా? అడిగితే తేలిపోయేది. కానీ నన్ను పిలిచింది అడగడానికి కాదుగా, అడిగించుకోవడానికి. గోడకి కట్టిన ఫ్లెక్సీ మీద ఎర్ర అక్షరాలతో అదే రాసి ఉంది, ‘సందేహం వద్దు, అడుగుదాం’ అని. దాని కింద చక్రాల కుర్చీ బొమ్మ. నా కాళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. లేనిది ఎడమ చెయ్యి, అదీ మోచేతి కింద నాలుగు వేళ్ళ మేర వచ్చి ఆగిపోయింది, పుట్టుకతోనే. చెయ్యి లేని బొమ్మ ఫ్లెక్సీ కొట్టువాడి దగ్గర లేదేమో. ఉన్నా వీళ్ళే వద్దన్నారేమో.

కార్యక్రమం పదకొండింటికి. నన్ను మాత్రం తొమ్మిదిన్నరకే రప్పించారు. ప్రేయర్‌లో స్టేజీ మీద నిలబెట్టి, “ఈవిడ ఇర్ఫానా గారు. ఇలాంటివాళ్ళు ఎలా బతుకుతారో మీకు ఏం తెలుసుకోవాలనున్నా చీటీ మీద రాయండి, పేరు మాత్రం రాయొద్దు” అని సౌజన్య మేడం మైకులో చెప్పారు. పిల్లలంతా నా పమిట వైపు చూశారు, పమిట కింద ఏముందో ఇంకాసేపట్లో తెలిసిపోతుందన్నట్టు. తర్వాత గంటసేపు వరండాలో ఉంచి, అప్పుడు తెచ్చి ఈ హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు గారికి గంపలగూడెంలో మీటింగట. ఇవాళే పడాలా ఆ మీటింగు? నా ఎదురుగా కూర్చుంటే ఎటు చూడాలో తెలియక మీటింగు పెట్టుకున్నారని నా అనుమానం. మనుషులు నా ఎదురుగా కూర్చుంటే క్యాలెండరు చూస్తారు, ఫ్యాను చూస్తారు, తమ గోళ్ళు చూసుకుంటారు. నేను వాళ్ళని చూస్తూ ఉంటాను. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే నాకు చదువు.

కిటికీలోంచి గేటు కనపడుతోంది, గేటు పక్కన స్కూటరు, స్కూటరు మీద మా అన్నయ్య చాంద్‌బాషా. దింపేసి షాపు తీయడానికి వెళ్ళాల్సినవాడు వెళ్ళలేదు. ఫోను చూస్తున్నట్టు తల వంచుకున్నాడు గానీ వేలు కదలడం లేదు. వేపచెట్టుకి మైకు పెట్టె కట్టారు, దాని మూతి రోడ్డు వైపు తిప్పారు. లోపల హాల్లో కూర్చునే పిల్లల కోసం రోడ్డు మీదికి మైకు ఎందుకో. విస్సన్నపేట పోయే షేరాటోలు కూడా వినాలనా? నేనేం మాట్లాడతానో వినడానికే అన్నయ్య అక్కడ కాపలా కూర్చున్నాడు. సౌజన్య మేడం నన్ను రేషను షాపు దగ్గర చూసి, నాతో ఒక్క మాట అనకుండా నేరుగా వెళ్ళి అన్నయ్యని అడిగారు. అన్నయ్య అప్పటికప్పుడు సరేనన్నాడు. గొళ్ళెం పెట్టడానికి కూడా వెనకాముందు చూసుకునే మనిషి అంత తొందరగా ఒప్పుకోవడమేంటి? రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు గానీ బయటపెట్టలేదు అసలు మాట. “చెయ్యి గురించి నీ ఇష్టం, ఏమన్నా చెప్పుకో. కుట్టు సంగతి మాత్రం ఎత్తకమ్మా. పెళ్ళిళ్ళ రోజులు.”

కుట్టు సంగతి అంటే ఇది. బస్టాండు వెనక సందులో చాంద్ టైలర్స్ అని మా షాపు. ముందు బల్ల దగ్గర అన్నయ్య కూర్చుంటాడు, ఆది జాకెట్టు తీసుకుంటాడు, మెడ ఎంత దింపాలో అడుగుతాడు, పుస్తకంలో రాస్తాడు. వెనక పరదా. పరదా వెనక బెజవాడ నుంచి తెచ్చిన మాస్టరు ఉన్నాడని ఊరంతా అనుకుంటుంది, ఎందుకంటే అన్నయ్య అలా చెప్పాడు. ఆ బెజవాడ మాస్టరుని నేను. పదిహేనేళ్ళుగా తిరువూరు ఆడవాళ్ళ వీపులన్నీ నాకు తెలుసు. ఎవరి కుడి భుజం ఎడమకన్నా కిందికి ఉంటుందో, ఎవరు చిక్కిపోతున్నారో, ఎవరు ఆది జాకెట్టు పాతదే ఇచ్చి తాము లావెక్కలేదని అందరితో పాటు తమను కూడా నమ్మించుకుంటున్నారో నాకు తెలుసు. సౌజన్య మేడం ఇవాళ వేసుకున్న నేరేడుపండు రంగు జాకెట్టు నాది. వీపు మీద సన్న పైపింగు, చంక దగ్గర ఎక్కడా ముడత లేదు. గుడ్డ కదలకుండా దాని మీద ఈ పొట్టి చేతిని అదిమిపెట్టి కుట్టాను. స్టేజీ మీద ఆవిడ నా పక్కన నిలబడ్డప్పుడు ఆవిడ భుజానికి నా మోచెయ్యి తగలబోతే చప్పున అర అడుగు పక్కకి జరిగారు. ఆ వీపంతా తడిమింది ఈ చెయ్యేనమ్మా అని చెవిలో చెప్పాలనిపించింది. నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

బల్ల మీద పళ్ళెంలో నాకు ఇవ్వబోయేవి సర్దిపెట్టారు. రెండు అరటిపళ్ళు, ఒక శాలువా, జాకెట్టు ముక్క, ఒక డజను మట్టిగాజులు. ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్తచేతులతో పంపకూడదు కాబట్టి అలవాటుగా కొనుక్కొచ్చి ఉంటారు. డజను గాజులంటే చెయ్యికి ఆరు. ఆరు వేసుకుంటాను, మిగతా ఆరు ఏం చెయ్యమని? వెక్కిరింత కాదని తెలుసు. వెక్కిరించాలంటే ముందు నన్ను తల్చుకోవాలి, వీళ్ళు తల్చుకోనే లేదు. కొట్టులో డజను కట్ట ఇవ్వమన్నారు, వాడిచ్చాడు. అమ్మ ఉంటే ఆరూ చిట్టి చెయ్యికే తొడిగేది, మోచేతి పైదాకా నెట్టి. అమ్మ దీన్ని చిట్టి చెయ్యి అనేది. పెద్ద చెయ్యి కడుక్కున్నావు, చిట్టి చెయ్యి కడుక్కున్నావా అనేది. జాకెట్టు ముక్క మడత విప్పకుండానే చూపుతో కొలిచాను. ఎనభై సెంటీమీటర్లు. హన్నమ్మకైతే సరిపోదు.

అరటిపళ్ళ పక్కన మిఠాయి డబ్బా. రంగు కాగితం అంటించి, మూత మీద సన్నగా కోసి చీటీలు వేయడానికి సందు పెట్టారు. ఇందాక సౌజన్య మేడం అది తెచ్చి పెడుతూ, “ఒకసారి ముందే చూసుకోండి ఇర్ఫానా గారూ. మీకు ఇబ్బంది కలిగించేవి ఏమీ ఉండవులెండి” అన్నారు. ఉండవులెండి అని ఆవిడకెలా తెలుసు? డబ్బా మూత చుట్టూ టేపు అంటించి ఉంది, లోపల ఏముందో మాత్రం ఆవిడకు తెలుసు. ఎక్కడో కుట్టు ఊడిందని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. డబ్బాని మోకాళ్ళ మధ్య బిగించి కుడిచేతి గోటితో టేపు పీకాను. మూత తీయగానే చేతికి తెలిసింది, కళ్ళకి తర్వాత తెలిసింది. చీటీలన్నీ ఒకే కొలత. అంచులు తిన్నగా, కత్తెరతో ఒక్క చెయ్యి కోసిన కోత. అరవై మంది పిల్లలు అరవై నోటుపుస్తకాల్లోంచి చింపిస్తే అంచులు ఇలా ఉంటాయా? కాగితం మీద ఎవరేమైనా రాసుకోవచ్చు గానీ అంచు దగ్గర నన్నెవరూ మోసం చెయ్యలేరు. విప్పాను. గుండ్రటి అక్షరాలు, నీలం సిరా, అన్నీ ఒక్క పిల్ల రాసినవే. మీరు ఈ స్థాయికి రావడానికి మీకు స్ఫూర్తి ఎవరు? ఏ స్థాయి? రేషను షాపు క్యూలో నిలబడే స్థాయా? నేటి యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి? వికలాంగుల పట్ల సమాజం ఎలా మెలగాలి? ప్రతిదాని చివరా ప్రశ్నార్థకం ముచ్చటగా వంకర తిరిగి ఉంది. పెద్దవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు పిల్లలకు ముందే జవాబులు బట్టీ పెట్టిస్తారు. నా కోసం ప్రశ్నలు బట్టీ పెట్టించారు. మరి పొద్దున వాళ్ళు నిజంగా రాసినవి ఏమయ్యాయి?

బల్ల కింద చెత్తబుట్ట ఉంది. అరటితొక్క, సుద్దముక్కలు, వాటి మీద కాగితాలు. నేల మీద కూర్చుని బుట్ట వొంచాను. హన్నమ్మ వస్తే ఏమనుకుంటుంది, అనుకోనీ. ఇవీ అసలు చీటీలు. చింపిన అంచులు, మడిచి మడిచి గోలీలంత చేసినవి, స్కెచ్ పెన్నుతో రాసినవి, అట్ట మీద రాసినవి. ఒక్కొక్కటి మోకాలి మీద పెట్టి చదును చేశాను. మీకు జడ ఎవరు వేస్తారు. ఉల్లిపాయ ఎలా కోస్తారు. లేని వేళ్ళు దురద పెడతాయా. మీరు ఏడ్చినప్పుడు ముక్కు ఏ చేత్తో తుడుచుకుంటారు. ఆ ప్రశ్నకి పైకే నవ్వాను. మిమ్మల్ని ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా. ఆ చెయ్యి ముట్టుకోవచ్చా. మిమ్మల్ని చూస్తే మాకు భయమేసింది, అది తప్పా. దాన్ని రెండుసార్లు చదివాను. తప్పు కాదమ్మా, నాకూ మిమ్మల్ని చూస్తే భయమే, అందుకే పొద్దుట్నుంచి మీ బడి గోడల్ని కూడా తిడుతూ కూర్చున్నాను. మీ అమ్మ గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుందా. పిల్ల తప్పు కాదు, ఇంట్లో నాయనమ్మ చెప్పి ఉంటుంది. మా అమ్మ రహమత్‌బీని ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో. ముట్టుకోలేదు, ముట్టుకోలేదు అని ఒట్లు పెట్టేది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు వేళ్ళ మీద ఏవో నెలలు లెక్కపెట్టుకుంటూ, ఆ రోజు వంకాయ తరిగానేమో అని తనలో తను అనుకునేది. పోయేదాకా ఆ వంకాయని వెతుక్కుంటూనే ఉంది. ఎవరూ అమ్మకి అలాంటిదేం ఉండదని గట్టిగా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నాకూ అనుమానమే ఉండేది, అమ్మ మీద. ఇప్పుడు చెప్పుకుంటే ఏమొస్తుంది గానీ, ఉండేది.

చివరి చీటీ పెద్దది, నోటుపుస్తకంలో సగం పేజీ. పైన కుడిపక్క, పరీక్ష పేపరు మీద రాసినట్టు, పి. గ్లోరి, ఎనిమిదో తరగతి ‘బి’, రోల్ నంబరు పదిహేడు అని ఉంది. పేరు రాయొద్దన్నా చెయ్యి ఊరుకోలేదు పాపం. కింద ఇలా ఉంది. ‘మా అమ్మ జాకెట్లు చాంద్ టైలర్స్‌లో ఇస్తుంది. నేను స్టూలు మీద కూర్చుంటాను. పరదా కింద నుంచి మాస్టరు కాళ్ళు కనపడతాయి. ఎడమ చెప్పు తెగితే నారింజ రంగు దారంతో కుట్టి ఉంటది. పొద్దున ప్రేయర్‌లో మీ చెప్పు చూశాను. మాస్టరు మీరేనా అండి?’

కాళ్ళు గబుక్కున చీర కిందికి లాక్కున్నాను, గదిలో ఎవరూ లేకపోయినా. ఎవరు చెప్పి రాయించారు దీన్ని? ఎవరూ రాయించలేదు, రాయిస్తే రోల్ నంబరు ఉంటుందా. సౌజన్య మేడం చదివే పారేశారా, చదవకుండానే పారేశారా? చదివి ఉంటే ఆ నేరేడు జాకెట్టు ఇవాళే విప్పి పడేస్తారా? ఇవాళ మైకులో నేను అవునంటే, మూతి రోడ్డు వైపున్న ఆ మైకు అవునని ఊరంతటికీ చెబుతుంది. షాపులో ఇప్పుడు పన్నెండు పెళ్ళి జాకెట్లు వేలాడుతున్నాయి. పన్నెండు మంది తల్లులూ వచ్చి వెనక్కి అడిగితే? ఒకసారి అడిగారు కదా. నా పంతొమ్మిదో ఏట, విస్సన్నపేట నుంచి సరోజినీదేవి గారు, మామిడితోటలవాళ్ళు, కూతురి పెళ్ళికి ఏడు జాకెట్లు ఇచ్చి, కొలత ఒకటి మార్చాలని మధ్యలో వచ్చారు. అప్పుడు పరదా లేదు. నేను మిషను దగ్గర ఉన్నాను, ముహూర్తం జాకెట్టే చేతి కింద ఉంది, ఎర్ర పట్టు, చిట్టి చెయ్యి దాని మీద. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. స్టూలు మీద కూర్చున్నారు, మంచినీళ్ళు అడిగారు, తాగలేదు. “ఏమీ అనుకోకు బాషా. శుభకార్యం గదా, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు” అని ఏడూ చుట్టబెట్టుకుని వెళ్ళారు, కుట్టినవీ కుట్టనివీ. మర్నాడు అన్నయ్య పరదా కట్టాడు. పదిహేనేళ్ళుగా నేను ఈ కథ ఇలాగే చెప్పుకుంటున్నాను. అన్నయ్య పరదా కట్టాడు, నన్ను దాచాడు, నా కుట్టు తన పేరు మీద వేసుకున్నాడు. ఆ కోపంతోనే రోజూ అన్నం వడ్డిస్తాను, ఆ కోపంతోనే కాజాలు అంత బిగువుగా కుడతాను.

కానీ ఈ పిల్ల పరదా కింద అంటోంది. కింద ఎందుకు ఖాళీ ఉంది? ఆ పరదా నేలకి జానెడు పైనే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోతుంది? గుడ్డ చాలలేదు. ఏ గుడ్డ? ఆకుపచ్చ లైనింగు గుడ్డ, మూడు తానుల్లో మిగిలిన ముక్కలు. మధ్యలో రెండు అతుకులు, అతుకు మీద అతుకు కనపడకుండా లోపలికి మడిచిన కుట్టు. అన్నయ్యకి ఆ కుట్టు రాదు. అన్నయ్యకి ఆది జాకెట్టు కొలవడం వచ్చు, మాట్లాడడం వచ్చు, ఆ కుట్టు రాదు. అది నా కుట్టు. సరోజినీదేవి గారు వెళ్ళిన ఆ సాయంత్రమే మిషను ముందు కూర్చుని, దీపాలు పెట్టే వేళకి, ఆ పరదా కుట్టింది నేను. ఇప్పుడు గుర్తొస్తోంది, ఏడుస్తూ కుట్టాను, ముక్కు చిట్టి చెయ్యికే తుడుచుకున్నాను. అన్నయ్య అంతకు ముందే ఆవిడతో ఒక మాట అన్నాడు కూడా, “మా చెల్లి కుట్టినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ కుట్టలేరండీ” అని. మెల్లగా అన్నాడు, ఆవిడకి వినపడిందో లేదో. నాకు వినపడింది. వినపడి కూడా పరదా కుట్టాను. మర్నాడు దాన్ని చూసి అన్నయ్య రెండు మేకులు కొట్టి తీగ కట్టాడు. వద్దని ఒక్క మాట అనలేదు. అతని మొహం చూస్తే ఊపిరి పీల్చుకున్నట్టు కనపడింది, అది మాత్రం నేను ఊహించుకున్నది కాదు, కనపడింది. ఇద్దరం కలిసే చేశాం. మరి జానెడు తక్కువ పడితే కింద ఒక పట్టీ అతికించడం నాకెంతసేపు? కాలుతో పది తొక్కులు. పదిహేనేళ్ళలో ఆ పది తొక్కులకి తీరిక లేకపోయిందా? అందరినీ అనుమానించాను గానీ నన్ను నేను ఈ ముక్క ఎన్నడూ అడగలేదు. ఎవరైనా కిందికి చూస్తారని వదిలేశానేమో.

“ఇర్ఫానా గారూ, వెళ్దామా? పిల్లలు కూర్చున్నారండి.” సౌజన్య మేడం గుమ్మంలో ఉన్నారు. నేను నేల మీద, చుట్టూ చీటీలు, పక్కన బోర్లాపడిన బుట్ట. ఆవిడ మొహం ఎర్రబడింది. “అయ్యో, అవి... పిల్లలకి ఏం రాయాలో తెలీదండి. మీరు బాధపడతారని...” అన్నారు. అన్నప్పుడు మొదటిసారి తిన్నగా నన్ను చూశారు, చెయ్యితో సహా. చెడ్డ మనిషి కాదు. చీటీలన్నీ ఏరి డబ్బాలో వేసుకుంటూ, “ఇవి కూడా పిల్లలవేనండి” అన్నాను. కత్తెరతో కోసిన ముక్కలు బుట్టలో వేశాను. ఆవిడ ఆపుతారేమోనని చూశాను. ఆపలేదు, వంగి ఒక చీటీ తీసి ఇచ్చారు. గ్లోరి చీటీ అది. చదివారా ఇప్పుడైనా? మొహంలో ఏమీ తెలియలేదు. నేరేడు రంగు పైపింగు నా ముందు నడుస్తూ హాల్లోకి వెళ్ళింది.

హాల్లో బల్ల, బల్ల మీద మైకు, బల్లకి తెల్లగుడ్డ. వీళ్ళ గుడ్డ మాత్రం నేల దాకా ఉంది. పిల్లలు కింద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. కిటికీలోంచి గేటు కనపడదు ఇక్కడి నుంచి, వేపచెట్టు కొమ్మ మాత్రం కనపడుతోంది, మైకు పెట్టె తీగతో సహా. ఏ ప్రశ్న ముందు తీయాలి? జడ గురించి తీస్తే అందరం నవ్వుకుంటాం, గంట గడిచిపోతుంది, శాలువా కప్పుతారు, అన్నయ్య స్కూటరు మీద ఇంటికి తీసుకెళ్తాడు, పన్నెండు జాకెట్లూ క్షేమంగా ఉంటాయి. అదీ మంచి ప్రశ్నే. చెయ్యి డబ్బాలో చాలాసేపు ఉంది. సగం పేజీ కాగితం మిగతావాటికన్నా పెద్దది, వెతక్కుండానే వేళ్ళకి తగిలింది.

పేరు తప్ప తక్కినదంతా చదివాను. చదువుతుంటే నా గొంతు చెట్టు మీద నుంచి ఒక అర క్షణం ఆలస్యంగా నాకే వినపడింది. మూడో వరసలో ఒక పిల్ల తల దించేసుకుంది, రెండు జడలు నేలకి ఆనాయి. నేను కుర్చీ బల్ల వెనక నుంచి పక్కకి లాక్కుని కూర్చుని కాళ్ళు ముందుకి చాపాను. ఎడమ చెప్పు, నారింజ రంగు దారం. పమిట కూడా వెనక్కి వేసుకున్నాను, అడ్డంగా ఉందని.

“నేనేనమ్మా. బెజవాడ నుంచి ఎవరూ రాలేదు. అన్నీ నేనే కుడతాను. మీ మేడం గారి జాకెట్టు కూడా.”

హాల్లో గుసగుస లేచింది. సౌజన్య మేడం చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి వెళ్ళి వీపు మీద పైపింగుని తాకింది. అసహ్యంతో తాకిందా, ఇంకెందుకైనా తాకిందా, నాకు తెలియదు, ఇంటికెళ్ళాక దీని గురించే ఆలోచిస్తాను. ఈలోపు మూడో వరసలో గ్లోరి లేచి నిలబడింది. చీటీ లేదు, ఏమీ లేదు.

“మరి పరదా ఎందుకు కట్టారండి మీ అన్నయ్య?”

“అన్నయ్య కట్టలేదమ్మా. నేనే కుట్టుకున్నాను.”

చెట్టు మీద మైకు ఆ మాటని రోడ్డు మీదికి తీసుకెళ్ళింది. మాట ఆపి చెవి గేటు వైపు పెట్టాను. ఒక షేరాటో హారను కొట్టుకుంటూ పోయింది. అన్నయ్య స్కూటరు స్టార్టయిన చప్పుడు మాత్రం రాలేదు. ఇంకాసేపు చూశాను, రాలేదు. డబ్బాలో చెయ్యి పెట్టి రెండో చీటీ తీశాను.